ఫ్రెంచి పల్లెకు చింతగింజల లప్పం

మా నిర్మల్‌లో ఎవరు ఎదురైనా "దుబాయ్ నుంచి ఎప్పుడొచ్చినవ్?" అని అడుగుతున్నారు. నేను వెళ్ళింది ఖతర్‌కు. రెండూ వేరు వేరు దేశాలని మొదట్లో ఓపిగ్గా చెప్పాను. ఆ తర్వాత విమానం టికెట్టు చూపించి చెప్పాను. చివరికి మా ఇంటికి పాలు పోసే ఎల్లవ్వ "గదేనమ్మా, దుబాయ్‌ల ఖతర్" అనేసరికి నోరు మూసుకుని ఈ కాగితాలు ముందేసుకున్నాను.

మా జిల్లా నుంచి ఆ దేశానికి పనికి పోయిన వాళ్ళు ఇంటికొకరు ఉంటారు. ఊరికే చూసి రావడానికి పోయిన వాళ్ళు తక్కువ. నేను ఆ తక్కువ మందిలో ఒకదాన్ని. ముందే చెబుతున్నాను, ఇందులో ఒంటెలు లేవు. ఇసుక తిన్నెల మీద సూర్యాస్తమయం కూడా లేదు. ఒక ఫ్రెంచి పల్లెటూరు ఉంది. ఇంకో సంగతి, అక్కడ నేను గెలిచి వచ్చాను. ఆ ముక్క దాచుకునే అలవాటు నాకు లేదు.

నన్ను ఎరగని వాళ్ళ కోసం: నా పేరు సుగుణ. మాది బొమ్మలు చేసే ఇల్లు. పొనికి చెక్క చెక్కి, దాని మీద చింతగింజల జిగురులో చెక్కపొట్టు కలిపిన లప్పం పూసి, ఆరాక రంగులు వేస్తాం. యాభై దాటినా నా చేతివేళ్ళ సందుల్లో ఏదో ఒక రంగు ఉంటూనే ఉంటుంది.

అల్ వుకైర్: తలుపు తీయగానే

మా చెల్లెలు జమున, ఆమె భర్త గంగారాం ఉండేది అల్ వుకైర్‌లో. గంగారాం ఇళ్ళ సామాన్లు తరలించే కంపెనీలో ఫోర్‌మన్. చాలా ఏళ్ళు కార్మికుల క్యాంప్‌లో ఉండి, జీతం పెరిగాక భార్యను తెచ్చుకున్నాడు. "ఒక్కసారన్న వచ్చి మా ఇల్లు చూసిపో అక్కా" అని జమున ప్రతి ఫోన్‌లోనూ అనేది. నువ్వుల ఉండలు, కారప్పొడి, సకినాలు మూటగట్టుకుని చలికాలంలో బయలుదేరాను.

ప్రపంచకప్పు ఫుట్‌బాల్ పోటీలకు అప్పటికి ఇంకా మూడేళ్ళుంది. దేశమంతా తవ్వి పెట్టారు. నిన్న కుడికి తిరిగిన చోట ఇవాళ గొయ్యి ఉండేది. ఫోన్‌లో దారి చెప్పే ఆవిడ తిరగమంటే, ఎదురుగా నారింజరంగు డ్రమ్ములు అడ్డం ఉండేవి. గంగారాం ఆవిడ మాట వినడం ఎప్పుడో మానేశాడట. దుమ్ము మాత్రం మన వేసవిలో ఎగిరే దుమ్ము లాంటిదే. ముక్కులోకి పోయాక రెండు దేశాల దుమ్ముకూ తేడా తెలియదు.

దారిలో కారు ఆపి హారన్ కొడితే ఒక నేపాలీ అబ్బాయి కిటికీ దగ్గరికే చాయ్ తెచ్చాడు. కరక్ అంటారు. చిక్కటి పాలు, ఏలకులు, చక్కెర దండిగా. ఒక రియాల్, అంటే మన ఇరవై రూపాయలు. మన దగ్గర పది రూపాయలకు వస్తుంది కదా అని లెక్క కట్టబోయాను గానీ, కారు దిగకుండా తాగే చాయ్‌కి ఆ మాత్రం ఇవ్వచ్చనిపించింది.

ఇల్లు చిన్నదే, ముచ్చటగా ఉంది. కానీ ఇంట్లో సందడి లేదు. గంగారాం నా కాళ్ళకు దణ్ణం పెట్టి "మంచిగున్నవా వదినె" అని, మళ్ళీ గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మామూలుగా వీడియోకాల్‌లో నన్ను ఆటపట్టించకుండా ఫోన్ పెట్టే మనిషి కాదు. నేను జమునను వంటింట్లోకి లాక్కుపోయాను.

"ఏమైందే? మొగుడూ పెండ్లాలు కొట్టుకున్నరా?"

"లేదక్కా. ఆయన నౌకరి పోయేటట్టున్నది" అంది జమున, నీళ్ళు తిరిగిన కళ్ళతో.

విషయం ఇది. లుసైల్ అని సముద్రం పక్కన కొత్తగా కడుతున్న నగరం ఉంది. ఒక పెద్ద ఖతరీ కుటుంబం అక్కడ కట్టుకున్న ఇంటికి మారుతోంది. ఆ సామాన్లలో నులకమంచమంత పెద్ద నూనెరంగుల పటం ఒకటి ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఎవరో ఫ్రాన్సు దేశస్థుడు వేసింది. ఇంటి పెద్దావిడకు ప్రాణం. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా గంగారామే ముందు పట్టుకున్నాడు. వెనక సాయిలు అని జగిత్యాల మనిషి.

"గడప కాడికి రాంగనే, కొత్త ఇల్లు గదా అని ఈయన కుడికాలు ముందు పెట్టబోయిండంట అక్కా. అప్పటికే ఎడమకాలు లేచింది. ఆగి కాలు మార్చిండు. వెనక సాయిలు గూడ గదే టైముల ఆగి కాలు మార్చిండు. పటం పక్కకు ఒరిగి, దర్వాజకు మూల తాకింది."

బొమ్మకు ఏమీ కాలేదు. బంగారు పూత పూసిన పెద్ద ఫ్రేము మాత్రం ఒక మూల పగిలి, పువ్వులూ ఆకులూ నేల రాలాయి. నాకు నవ్వాగలేదు. కొత్తింట్లోకి ఎడమకాలితో సామాను మోసుకుపోయే వాడు మా వైపు పుట్టడు. ఇద్దరూ ఒకేసారి కాలు మార్చుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

"నవ్వకు" అంది జమున. "ఈ ముచ్చట కంపెనీల ఎట్ల చెప్తడు? చెయ్యి జారిందని చెప్పిండు. శుక్రవారం ఆ ఇంట్ల దావత్ ఉన్నది. ఆలోపు పటం గోడకు ఎక్కకపోతే వీసా క్యాన్సల్ చేసి పంపిస్తమని మేనేజర్ చెప్పిండు. ఫారిన్ల రిపేర్ చేసేటోళ్ళకు పంపితే నెలలు పడతదంట."

నేను నవ్వు ఆపి, ఆ ఫ్రేము దేనితో చేసిందని అడిగాను. ఆమెకు తెలియదు. గంగారాం జేబులోంచి ఫోన్ తీసి ఫోటో చూపించాడు. దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూశాను. పైన బంగారం, దాని కింద తెల్లటి పిండి లాంటిది, ఆ కింద చెక్క. చెక్క మీద ముద్ద పూసి, ఆకులు దిద్ది, పైన రంగు వేయడం. మా ఇంట్లో తరతరాలుగా చేసేది ఇదే పని.

"నన్ను ఆడికి తీస్కపో" అన్నాను.

"వదినె, అది బొమ్మల దుకాణం కాదు" అన్నాడు గంగారాం.

"తెలుసు. నడువు."

లుసైల్: ఎవరూ తొందరపడని వీధి

గంగారాంకు ఆ ఇంటికి పోవద్దని కంపెనీ ఆర్డరు. అతను ఫోన్ చేస్తే ఆ పెద్దావిడ డ్రైవరు మహబూబ్ భాయ్ వచ్చి నన్ను తీసుకుపోయాడు. మాకు పక్కనే ఉన్న భైంసా మనిషి. ఇంట్లో దక్ఖనీ, నాతో తెలుగు, యజమానులతో అరబ్బీ. సామాన్లు మార్చిన రోజు అక్కడే ఉండి అంతా చూశాడు.

"కొడుకు సాలెం సాబ్ జర గరం మనిషి అక్కా" అన్నాడు దారిలో. "అమ్మ మంచిది. అమ్మనే అడుగుదాం. ఆమెను అందరు ఉమ్ సాలెం అంటరు, సాలెం వాళ్ళమ్మ అని."

ఇది నాకు నచ్చింది. మా వాడలోనూ సగం మంది ఆడవాళ్ళ అసలు పేర్లు ఎవరికీ తెలియవు. ఫలానా వాళ్ళమ్మ అనే పిలుస్తాం. ఖతర్ గొప్పది, మా వాడ చిన్నది, అంతే.

లుసైల్‌లో ఎటు చూసినా క్రేన్లే. స్టేడియం ఇంకా సగంలో ఉండి, పెద్ద గిన్నె అంచులా కనిపించింది. పసుపు టోపీల జనం బస్సుల్లోంచి దిగుతున్నారు. మనుషులు, లారీలు, సిమెంటు, అన్నీ పరుగులోనే ఉన్నాయి. మహబూబ్ భాయ్ "యల్లా యల్లా" అంటూ ముందు లారీని తిట్టుకుంటూ నడిపాడు.

ఇంట్లోకి కుడికాలు పెట్టే అడుగుపెట్టాను. హాల్లో గోడకు ఆనించి, పైన తెల్లటి దుప్పటి కప్పి ఉంది పటం. మహబూబ్ భాయ్ దుప్పటి తీశాడు.

నేను వచ్చింది ఫ్రేము కోసం. కానీ దాన్ని చూడడానికి చాలాసేపు పట్టింది. బొమ్మే నన్ను వదల్లేదు.

ఒక సన్నటి వీధి. రెండు వైపులా రాతి గోడల ఇళ్ళు, వాటి మీద గడ్డి కప్పు. మధ్యాహ్నం దాటిన ఎండ ఒక గోడ మీదే పడింది. గడప మీద కూర్చుని ఒక ఆమె ఏవో దుంపల చెక్కు తీస్తోంది. పక్కన ఒక పిల్ల ఊలు అల్లుతోంది. రెండు కోళ్ళు. వీధి మలుపులో ఒక ఆవు, వెనక సగం మాత్రమే కనిపిస్తుంది. పొగగొట్టంలోంచి నీలంగా పొగ. అంతే. కథ లేదు, దేవుడు లేడు, రాజు లేడు. మేము నిర్మల్‌లో వేసే బొమ్మలో ఏనుగైనా ఉండాలి, నాట్యం చేసే మనిషైనా ఉండాలి. ఈయన ఎవరో గాని, కోడి నీడకు ఎంత శ్రద్ధ పెట్టాడో! ఆ నీడలో ఊదా రంగు ఉంది. నల్లరంగు కలపకుండా నీడ వేయవచ్చని ఇన్నేళ్ళ పనిలో నాకు తట్టలేదు. నాకు అసూయ కలిగింది, ఆ వెంటనే సంతోషం కూడా కలిగింది.

ఉమ్ సాలెం వచ్చి కూర్చున్నారు. నల్లటి బట్టలు, ముఖానికి ఇత్తడి రంగులో మెరిసే పాతకాలపు బిరుసు ముసుగు. కళ్ళే కనిపిస్తాయి. ఆ కళ్ళకు మసక అని మహబూబ్ భాయ్ ముందే చెప్పాడు. పనిమనిషి చిన్న కప్పులో గహ్వా, అంటే అరబ్బుల కాఫీ పోసింది. లేత పసుపు రంగు, ఏలకుల వాసన, చక్కెర లేదు, పక్కన ఖర్జూరాలు. తాగాను. మళ్ళీ పోసింది. మర్యాదకు మళ్ళీ తాగాను. మళ్ళీ పోసింది. విస్తరి మీద అడ్డం పెట్టినట్టు కప్పు మీద చేయి పెడితే, ఆ అమ్మాయి చేయి తీసేదాకా ఓపిగ్గా నిలబడింది. నా కడుపు ఉబ్బిపోయాక మహబూబ్ భాయ్ జాలిపడ్డాడు.

"కప్పు ఇట్ల ఊపియ్యాలె అక్కా. ఊపేదాంక పోస్తనే ఉంటరు."

ఉమ్ సాలెం కళ్ళు నవ్వాయి. ఆ ధైర్యంతో మాట మొదలుపెట్టాను. నేను తెలుగులో చెబితే మహబూబ్ భాయ్ అరబ్బీలో చెప్పాడు. ఆవిడ ఒకటే అడిగారు, అది ఎలా పగిలిందని.

"చెయ్యి జారలేదమ్మా" అన్నాను. "గంగారాం నా మరిది. కొత్త ఇల్లు, మీకు మంచి జరగాలె అని కుడికాలు ముందు పెట్టబోయిండు. వెనక మనిషి గూడ గంతే చేసిండు. నవ్వుతరని భయపడి అబద్ధం చెప్పిండు."

మహబూబ్ భాయ్ చెప్పడం ముగించాక ఆవిడ నావైపు ముఖం తిప్పారు. తర్వాత ఒక ప్రశ్న వేశారు. "అడుగుతున్నరు అక్కా, 'నా ఇంటి కోసమా అతను కాలు మార్చుకుంది?' అని."

"అవును. మీ ఇంటి కోసమే."

ఆవిడ చేత్తో మోకాలు చరుచుకుని నవ్వారు. మహబూబ్ భాయ్ కూడా నవ్వుతూ చెప్పాడు. "'మేము గూడ ఇంట్లకు, మసీదుల కుడికాలు పెట్టే పోతం. మా అమ్మ నేర్పింది. ఎడమకాలు పెట్టి వచ్చి, పటం మంచిగ తెచ్చినోడైతే నాకు కోపం వచ్చేది' అంటున్నరు."

నేను చేసి చూపిస్తానని అడిగాను. సాలెం సాబ్‌ను పిలిపించారు. ఆయన నన్ను, నా చేతిసంచిని ఒకసారి చూసి, ఒప్పుకోలేదు. తల్లీకొడుకుల మధ్య మాటలు పెరిగాయి. చివరికి ఆవిడే తీర్పు చెప్పారు. శుక్రవారం పిల్లలందరి ముందూ ఆవిడ వేళ్ళతో ఫ్రేమంతా తడిమి చూస్తారు. అతుకు వేలికి తగిలితే కొడుకు అన్నట్టే పటం విదేశానికి పోతుంది, కంపెనీ తన ఫోర్‌మన్‌ను ఏం చేసుకున్నా ఆవిడ అడ్డు చెప్పరు. తగలకపోతే గంగారాం సంగతి ఆవిడే మాట్లాడతారు.

నేను సరేనన్నాను. కారెక్కాక, కావలసిన సామాన్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

అబూ హమూర్: గింజ లేని చింతపండు

పగిలిన ముక్కల్ని సాయిలు ఏరి బిస్కెట్ డబ్బాలో దాచి ఉంచాడు, పుణ్యాత్ముడు. ఒక ఆకు, కాడ మాత్రం పొడి అయిపోయాయి. వాటిని కొత్తగా దిద్దాలి. చెక్కపొట్టు పెద్ద కష్టం కాదు. సామాను వచ్చిన చెక్కపెట్టెల్నే రంపంతో కోసుకోవచ్చు. కావలసింది చింతగింజలు.

మహబూబ్ భాయ్ అబూ హమూర్ టోకు మార్కెట్‌కు తీసుకుపోయాడు. అబ్బో, ఏముంది, ఏం లేదు! ఇరాన్ పుచ్చకాయలు, ఈజిప్టు నారింజలు, మన తోటకూర కట్టలు, వాటి ధర వింటే కూర తినబుద్ధి కాదు. చింతపండు గుట్టలు గుట్టలుగా ఉంది. ఒక్క పొట్లంలోనూ గింజ లేదు. ఒక మలయాళీ దుకాణదారు నా ముందు నాలుగు రకాలు పెట్టి, గర్వంగా "సీడ్ మాఫీ మేడమ్, ఫుల్ క్లీన్!" అన్నాడు, ఒక్క గింజ కూడా లేదని. నాకు గింజే కావాలంటే, పండు వద్దా అని అడిగాడు. వద్దన్నాను. పక్క దుకాణం వాణ్ణి పిలిచి నన్ను చూపించాడు.

చివరికి ఒకచోట కాయలతో ఉన్న తియ్యటి చింతపండు డబ్బా దొరికింది. థాయిలాండ్‌దట. కారులోనే ఒలిచి చూశాం. గింజలు సన్నగా, పొట్టిగా ఉన్నాయి. దానితో ఆకు కాదు గదా, ఆకు మీది ఈనె కూడా రాదు. ఆ తియ్యటి గుజ్జు మాత్రం నేనూ మహబూబ్ భాయ్ దారంతా తిన్నాం.

క్యాంప్ గేటు ముందు పంచాయితీ

"వదినె, మా పోరగాండ్లకు ఇంటికాంచి చింతపండు వస్తది" అన్నాడు గంగారాం ఆ సాయంత్రం. అప్పటిదాకా అతను ఈ పనిని నమ్మినట్టు లేదు. సాయిలుకు ఫోన్ చేశాడు.

మర్నాడు నన్ను వాళ్ళ క్యాంప్‌కు తీసుకుపోయాడు. ఆడవాళ్ళు లోపలికి పోకూడదు. గేటు బయట కారు ఆపుకుని కూర్చున్నాం. డ్యూటీ దిగిన వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. నిర్మల్, జగిత్యాల, కామారెడ్డి. ఒకరి చేతిలో పొట్లం, ఒకరి చేతిలో గిన్నె. వాళ్ళ అమ్మలూ భార్యలూ ఎండబెట్టి, గింజ తీయకుండా ఉప్పు కలిపి పంపిన మన ఊళ్ళ చింతపండు. పెట్టెల అడుగున బట్టల మధ్య దాచుకునేది. పచ్చిపులుసు చేసుకున్నప్పుడల్లా కొంచెం కొంచెంగా వాడుకునేది. దాంట్లోంచి గింజలు ఒలిచి తెచ్చారు, కడిగి మరీ.

"అక్కా, గా బొమ్మల ఏమున్నది? గంత విలువ?" అని అడిగాడు సాయిలు. పటం మోసిన వాడే గానీ, దుప్పటి చుట్టి ఉండడంతో బొమ్మను చూడలేదు.

చెప్పాను. వీధి, గడప, దుంపలు, కోళ్ళు, ఆవు.

"గంతేనా? మా ఊరు గట్లనే ఉంటది గదా" అన్నాడొకడు. "మా ఇంటి ముంగట కూడ గట్లనే ఆవు సగమే కనపడతది."

"నీ ఆవుకు ముందు సగమే లేదు కదరా" అని ఇంకొకడు.

అందరూ నవ్వారు. కామారెడ్డి మనిషి ఒకరు, కాస్త పెద్దవయసు ఆయన, ఆ నవ్వుల్లో కలవకుండా అడిగాడు. "ఆ బొమ్మల మొగోళ్ళు లేరా అమ్మా?"

ఆలోచించాను. లేరు. వీధంతా ఆడవాళ్ళే.

"దుబాయ్ పోయిండ్రు గావచ్చు" అన్నాడాయన. ఈసారి అందరికన్నా ఎక్కువ ఆయనే నవ్వాడు. పటం సంగతి ఎవరు మాట్లాడినా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. వాళ్ళు స్టీలు డబ్బాలో అన్నం, పచ్చిపులుసు తెచ్చి కారులోకి అందించారు. ఎండుమిర్చి కాల్చి పిసికిన పులుసు. ఆ ప్రయాణంలో నేను తిన్న అన్నిటిలోకీ అదే గొప్ప భోజనం.

మిక్సీ ప్రాణం పోయిన రోజు

గింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి రుబ్బాలి. నాకు ఓపిక తక్కువ. నానబెట్టకుండా వేయించిన గింజల్నే జమున మిక్సీలో వేశాను. మిక్సీ ఒకసారి అరిచింది, రెండోసారి పొగ వదిలింది, ఇక పలకలేదు. వేయించిన వాసనకు, పొగకు కలిపి పక్కింటి ఈజిప్టు ఆవిడ పిల్లను చంకనేసుకుని తలుపు కొట్టింది, ఇల్లు అంటుకుందని. ఆమెకు ఏం చెప్పాలో తెలియక సకినాలు పెట్టాను. ఒకటి కొరికి, మిగతావి కొంగులో వేసుకున్నట్టు పిల్ల గౌనులో వేసుకుని పోయింది. కాసేపటికి రాతి రోలు ఒకటి మోసుకొచ్చి నా ముందు పెట్టింది. వాళ్ళు వెల్లుల్లి నూరుకునేదట. ఆ రోల్లో, ఈసారి బుద్ధిగా నానబెట్టి, వెన్నలా నూరాను.

మళ్ళీ లుసైల్: సులేమానీతో పాతబడిన బంగారం

ఉమ్ సాలెం రోజూ పక్కన కూర్చునేవారు. నేను విరిగిన ముక్కలు అతికిస్తుంటే, మహబూబ్ భాయ్ ద్వారా అడిగేవారు. "ఆ పిల్ల ఇంకా అల్లుతోందా?" అల్లుతోందనేదాన్ని. "కోళ్ళు?" ఉన్నాయి. మసక కళ్ళకు బొమ్మ సరిగా కనపడదు, కానీ ఎక్కడ ఏముందో అంతా తెలుసు. భర్త పారిస్‌లో దీన్ని కొని తెచ్చిన రోజు పోట్లాడారట, ఎవరి కోళ్ళ కోసమో ఇంత డబ్బు పోస్తావా అని. వక్రా అనే ఊళ్ళో వాళ్ళ పాత వీధిలో సొంత కోళ్ళు ఉండేవట. ఆ వీధి పోయింది, భర్త పోయాడు. ఇప్పుడు ఆ కోళ్ళనే రోజూ పలకరిస్తానని చెప్పారు.

కొత్తగా దిద్దిన ఆకు మొదటిరోజు సాయంత్రానికి ముద్దుగా ఉంది. మర్నాడు వచ్చి చూస్తే నిలువునా పగుళ్ళు. నా పని పగలడం నేను చూసి ఎన్నేళ్ళయిందో! నిర్మల్‌లో లప్పం నీడన నిదానంగా ఆరుతుంది. ఇక్కడ చలికాలంలోనూ ఏసీ ఆగదు, తేమనంతా లాగేసింది. గీకి పారేసి మళ్ళీ పెట్టాలి. శుక్రవారం దగ్గర పడుతోంది. అలాగే నేల మీద కూర్చుండిపోయాను. ఉమ్ సాలెంకు సంగతి తెలిసి, హాల్లో ఏసీ ఆపించారు. సాలెం సాబ్ వచ్చి ఉక్కపోస్తోందని మొత్తుకుంటే, బయట గాలికి కూర్చోమన్నారు. ఆ గొంతులో మా అమ్మ గొంతు వినిపించింది.

ఈసారి ఆకు నిలబడింది. పైన బంగారు రంగు వేస్తే మరీ పెళ్ళికూతురిలా మెరిసిపోతూ, పక్కనున్న వందేళ్ళు దాటిన ఆకుల మధ్య పరాయిదై కూర్చుంది. పనిమనిషి నా కోసం పాలు లేని సులేమానీ చాయ్ పెట్టి పోయింది. అది చల్లారిపోయింది. కుంచె అందులో ముంచి ఆకు మీద ఒక పూత వేశాను. ఆరాక ఇంకో పూత. మూడో పూతకు ఆ ఆకు ముసలిదైంది. నేను లేచి నిలబడి, దూరం పోయి, దగ్గరకొచ్చి, మళ్ళీ దూరం పోయి చూశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా చేతుల్ని నేనే ముద్దు పెట్టుకున్నాను.

శుక్రవారం

ఇల్లంతా జనం. కూతుళ్ళు, కోడళ్ళు, మనవలు. హాల్లో బొగ్గుల మీద ఊద్ అనే సువాసన చెక్క పొగ. వంటింట్లోంచి మాంసం వేసిన అన్నం వాసన. కంపెనీ మేనేజర్ టై కట్టుకుని వచ్చాడు. ఉమ్ సాలెం పిలిపించడంతో వచ్చిన గంగారాం, సాయిలు గోడవారన చేతులు కట్టుకుని నిలబడ్డారు. పటాన్ని రెండు కుర్చీల మీద ఆనించి పెట్టారు. విరిగింది కింద కుడి మూల.

ఉమ్ సాలెం లేచారు. పిల్లల అల్లరి ఆగింది. కింద ఎడమ నుంచి మొదలుపెట్టి వేళ్ళు నెమ్మదిగా జరిపారు. ప్రతి పువ్వు, ప్రతి ఆకు. నా పని ఉన్న మూలకు వచ్చారు. దాటిపోయారు. కుడి అంచు మీదుగా పైకి పోయి, పై వరుసంతా తడిమి, పై ఎడమ మూలలో ఆగారు. వేలు అక్కడే ముందుకీ వెనక్కీ తిప్పారు. మహబూబ్ భాయ్ ముఖం మారిపోయింది.

"'ఇక్కడ' అంటున్నరు. 'మంచిగ చేసినవ్, కాని చేతికి తెలుస్తున్నది' అంటున్నరు."

సాలెం సాబ్ తల ఊపాడు. మేనేజర్ ఫోన్ తీశాడు. గంగారాం గోడ దగ్గర్నుంచి రెండడుగులు ముందుకు వచ్చాడు.

"మామా, హునా మాఫీ" అన్నాడు తనకొచ్చిన అరబ్బీలో. అమ్మా, ఇక్కడ కాదు అని. తర్వాత వంగి కింద కుడి మూల చూపించి, "హునా. తోడ్ దియా హమ్. హునా" అన్నాడు, మేము విరగ్గొట్టింది ఇక్కడ అని. భాషలన్నీ కలిసిపోయాయి గానీ అందరికీ అర్థమైంది.

ఉమ్ సాలెం వంగి ఆ మూల తడిమారు. మళ్ళీ తడిమారు. గోరుతో గీరారు. కూతుర్ని పిలిచి చూడమన్నారు. సాలెం సాబ్ ఫోన్ టార్చి వేసి, మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. విరిగినప్పటి ఫోటో పక్కన పెట్టుకుని చూశాడు. తర్వాత లేచి నావైపు తిరిగి, గుండె మీద చేయి పెట్టుకున్నాడు.

మరి పై మూలలో చేతికి తగిలిందేమిటి? నేను కుర్చీ ఎక్కి చూశాను. అది కూడా అతుకే. నాది కాదు. ఎప్పుడో, ఏ దేశంలోనో, ఇదే ఫ్రేము ఇంకెవరో విరగ్గొడితే, ఇంకెవరో బాగుచేసి ఉంటారు. ఎవరో గాని నా అంత చక్కగా చేయలేదు. ఈ మాట నేను గట్టిగానే అన్నాను, మహబూబ్ భాయ్ అరబ్బీలో అంతకన్నా గట్టిగా చెప్పాడు. ఇల్లంతా నవ్వింది. ఉమ్ సాలెం నన్ను దగ్గరికి లాక్కుని, ముసుగు నా చెంపకు గుచ్చుకునేలా హత్తుకున్నారు.

ఆ తర్వాత మేనేజర్ వైపు తిరిగారు. మాటలు తక్కువే. మహబూబ్ భాయ్ అనువాదం చేయనవసరం లేకపోయినా చేశాడు, ఆనందం ఆపుకోలేక. "'నా పాత ఇంట్ల ఇంక సగం సామాను ఉన్నది. దాన్ని ఈ ఇద్దరే తేవాలె. వేరేటోళ్ళు గడప దాటొద్దు' అంటున్నరు." మేనేజర్ టై సర్దుకుని, "ష్యూర్ మామా, ష్యూర్" అన్నాడు. గంగారాంతో "రేపు ఆరింటికి డ్యూటీ" అన్నాడు.

గంగారాం, సాయిలు పటాన్ని ఎత్తి గోడకు తగిలించారు. బయట క్రేన్లు తిరుగుతూనే ఉన్నాయి. లోపల ఆ పిల్ల అల్లుతూనే ఉంది. మమ్మల్ని తినకుండా పోనివ్వలేదు. పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని అందరం అందులోంచే తిన్నాం. నా ముందున్న మాంసం ముక్కలు తరగకుండా ఉమ్ సాలెం తన చేత్తో వేస్తూనే ఉన్నారు. దీనికి ఏం ఊపాలో నాకు ఎవరూ చెప్పలేదు.

అల్ వుకైర్ చేరేసరికి సాయంత్రమైంది. గంగారాం ఫోన్ పట్టుకుని క్యాంప్ వాళ్ళతో అరుస్తూ, నవ్వుతూ బాల్కనీలో తిరుగుతున్నాడు. జమున పడకగదిలోకి పోయి ఎంతకూ రాకపోతే వెళ్ళి చూశాను. మంచం కింద నుంచి పెద్ద సూట్‌కేసు లాగి తెరిచింది. నిండా గంగారాం చొక్కాలు, ఆమె చీరలు, పెళ్ళి ఫోటో, వంటింటి గిన్నెలు కొన్ని, అన్నీ చక్కగా సర్ది ఉన్నాయి.

"ఇది ఎప్పుడు సర్దినవే?"

"నువ్వు మిక్సీ కాల్చిన నాడు."

"అంటే నా మీద నమ్మకం లేదన్నట్టేగా!"

"ఉన్నది అక్కా" అంది జమున, ఏడుస్తూనే నవ్వుతూ. "కాని భయం గూడ ఉండె."

తిట్టబోయి ఊరుకున్నాను. ఇద్దరం మంచం మీద కూర్చుని చొక్కాలు ఒక్కొక్కటీ తీసి, దులిపి, మళ్ళీ బీరువాలో తగిలించాం.